చిన్న బ్యాండ్‌సాకు ఏ మందం బ్లేడు? ముందు చక్రం కొలవండి

“ఈసారి మందంది తెప్పించు మావా. ఈ రేకుముక్క ఇనుముని ఏటి కోస్తాది?” మూడో బ్లేడు కూడా నెల తిరక్కుండా తెగిన రోజున మా మేనల్లుడు అన్న మాట ఇది. అప్పటికి నా ఆలోచనా అదే. రాయగడలో మా షెడ్డులో ఉన్నది చిన్న బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో ఇనుము కోసే మిషన్. దానికి బ్లేడ్లు విశాఖపట్నం నుంచి పార్సిల్లో వస్తాయి. ఫోను చేసి, అదే పొడవులో 0.9 మి.మీ. మందం బ్లేడు అతికించి పంపమన్నాను. వచ్చింది, ఎక్కించాం. రెండో రోజు మధ్యాహ్నానికే పళ్ల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. మూడో రోజు అదీ రెండు ముక్కలైంది. అంతకు ముందరి సన్న బ్లేడ్లు ఒక్కోటి కనీసం మూడు వారాలు పనిచేశాయి.

తప్పు బ్లేడుది కాదు, అమ్మినవాళ్లదీ కాదు. నేను అడగాల్సిన ప్రశ్న వేరు. బ్లేడు ఎంత మందం ఉండాలో చెప్పేది కోసే ఇనుము కాదు, బ్లేడు తిరిగే చక్రం. కోసే ఇనుము చెప్పేది పళ్ల లెక్క. ఈ రెండూ విడదీసి చూసినప్పటి నుంచి మా షెడ్డులో బ్లేడు ఖర్చు అదుపులోకి వచ్చింది. నాలుగంగుళాల రాడ్డు దాకా కోసే చిన్న అడ్డ బ్యాండ్‌సా (బ్లేడు అడ్డంగా ఉండి పైనుంచి ఇనుము మీదికి దిగేది) ఉన్నవాళ్లకి, చేత్తో పట్టుకుని కోసే పోర్టబుల్ బ్యాండ్‌సా ఉన్నవాళ్లకి ఈ పద్ధతి పనికొస్తుంది.

1. చక్రం కొలవండి, పాత బ్లేడూ కొలవండి

ప్లగ్గు పీకేశాక గార్డు తెరిచి, బ్లేడు తీసేసి, చక్రం మీద బ్లేడు ఆనే చోట ఈ అంచు నుంచి ఆ అంచుకి వ్యాసం కొలవండి. పక్కనున్న గట్టు కలపకూడదు. చక్రానికి రబ్బరు టైరు ఉంటే దాని మీద నుంచే కొలవాలి. మా మిషన్లో 185 మి.మీ. వచ్చింది. ఒడిశాలో ఉన్నాం గనక సెప్టెంబరులో విశ్వకర్మ పూజకి ప్రతి షెడ్డులోనూ మిషన్లు విప్పి తుడుస్తారు కదా, ఆ రోజు ఈ అంకెని గార్డు లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టాను. బ్లేడు ఆర్డరిచ్చే ప్రతిసారీ అదే చూస్తాను.

తర్వాత పాత బ్లేడు మందం. వెర్నియర్‌తో గాని మైక్రోమీటర్‌తో గాని బ్లేడు వెన్ను దగ్గర పట్టుకుని కొలవండి. పళ్ల మీద పట్టుకుంటే అంకె తప్పొస్తుంది, ఎందుకంటే పళ్లు కుడికీ ఎడమకీ వంచి ఉంటాయి. 0.65 మి.మీ. బ్లేడు పళ్ల దగ్గర ఒక మి.మీ. దాకా చూపిస్తుంది. కోత వెడల్పు అది, బ్లేడు మందం కాదు.

2. చక్రానికీ మందానికీ ఉన్న లెక్క

ఎనిమిదో గేజి తీగని, బైండింగు తీగని చెరో చేత్తో పట్టుకుని ఒకే వేలి చుట్టూ చుట్టడానికి చూడండి. సన్నది సులువుగా చుట్టుకుంటుంది. లావుది వేలిని నొక్కేస్తుంది, నాలుగుసార్లు వంచి విప్పితే విరుగుతుంది కూడా. చక్రం మీద బ్లేడుకి జరిగేదీ ఇదే.

అంకెల్లో చూద్దాం. వంగినప్పుడు బ్లేడు పైపొర మీద పడే ఒత్తిడి కావాలంటే ఉక్కు స్థితిస్థాపక గుణకాన్ని మందంతో గుణించి, చక్రం వ్యాసంతో భాగించాలి. ఉక్కుకి ఆ గుణకం చదరపు మి.మీ.కి సుమారు 2,00,000 న్యూటన్లు. 185 మి.మీ. చక్రం మీద 0.5 బ్లేడుకి ఒత్తిడి చదరపు మి.మీ.కి 540 న్యూటన్ల చిల్లర వస్తుంది. 0.65 బ్లేడుకి 700. నేను తెప్పించిన 0.9కి 970. దీనికి తోడు టెన్షన్ బిగించినందుకు మరో 170 దాకా కలుస్తుంది. అడ్డ బ్యాండ్‌సాలో గైడ్లు (కోతకి ఇరుపక్కలా బ్లేడుని పట్టి ఉంచే బేరింగులు) బ్లేడుని మెలితిప్పి నిలబెడతాయి కాబట్టి ఆ మెలిక ఒత్తిడి కూడా ఉంటుంది.

ఒక్కసారి వంగితే ఏ బ్లేడూ తెగదు. కానీ మా బ్లేడు పొడవు 1638 మి.మీ. నిమిషానికి 36 మీటర్ల వేగంలో అది 22 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి రెండు చక్రాల దగ్గర రెండు వంపులు, అంటే నిమిషానికి 44, గంటకి 2,600 పైన. వంగడం, సాగడం, మళ్లీ వంగడం. అలిసిపోయి తెగడం అంటే ఇదే. పగులు పళ్ల మధ్య గుంటలోనే మొదలవుతుంది, ఎందుకంటే ఒత్తిడి గుమిగూడేది అక్కడే. ఇలాంటి అలసటలో ఒత్తిడి కొద్దిగా పెరిగినా ఆయుష్షు చాలా ఎక్కువగా పడిపోతుంది. 0.65 నుంచి 0.9కి వెళ్తే మందం పెరిగింది 38 శాతమే. ఆయుష్షు మాత్రం వారాల నుంచి రోజులకి వచ్చింది.

3. మీ చక్రానికి తగిన మందం

బ్లేడు తయారీదారుల పట్టికలు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. నేను పాటించే హద్దులు ఇవి. చక్రం 150 నుంచి 200 మి.మీ. ఉంటే 0.5 మి.మీ. బ్లేడు సుఖంగా తిరుగుతుంది. 200 నుంచి 280 దాకా 0.65. 280 దాటి 450 దాకా 0.8 గాని 0.9 గాని. 1.1 మి.మీ. బ్లేడు 450 దాటిన పెద్ద మిషన్లకి. పోర్టబుల్ బ్యాండ్‌సాలకి చక్రాలు చిన్నవి కాబట్టి వాటికి వచ్చేది 13 × 0.5 బ్లేడే (మొదటి అంకె వెడల్పు, రెండోది మందం, మి.మీ.లో). అందులో మార్పు ఆలోచించకండి.

ఇక్కడ ఒక చిక్కుంది. నాలుగంగుళాల చిన్న అడ్డ బ్యాండ్‌సాలు చాలావరకు 180 మి.మీ. దరిదాపు చక్రాలతో వస్తాయి, కానీ వాటితో పాటు ఇచ్చే బ్లేడు 13 × 0.65. అంటే మిషన్ మీ చేతికొచ్చేటప్పటికే బ్లేడు హద్దు మీద ఉంది. అది తప్పని నేను అనను. రోజుకి పది కోతలు కోసే షెడ్డుకి 0.65 చాలు, కోత కూడా నిటారుగా వస్తుంది. రోజంతా గ్రిల్లు పైపులు, యాంగులర్లు కోసేవాళ్లు మాత్రం 0.5 వాడి చూడాలి. మా దగ్గర పైపుల పనిలో 0.5 బ్లేడు తెగిపోయే లోపే పళ్లు మొద్దుబారుతున్నాయి. నాకు కావలసిందీ అదే. పళ్లు పదునుగా ఉండగానే తెగిపోయిన బ్లేడు అంటే సగం డబ్బు పారేసినట్టు.

ఈ చక్రాల మీద 0.9కి చోటు లేదు. ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

4. మీ మిషన్ అంత బిగించగలదా?

మందం పెరిగితే టెన్షన్ కూడా పెరగాలి. ఈ సంగతి చాలామంది గమనించరు. 13 × 0.65 బ్లేడు అడ్డకొలత 8.45 చదరపు మి.మీ. చదరపు మి.మీ.కి 170 న్యూటన్ల టెన్షన్ రావాలంటే ఒక్కో వరసకి (చక్రాల మధ్య బ్లేడు రెండు వరసలుగా నడుస్తుంది) 146 కిలోల లాగుడు, రెండు వరసలకీ కలిపి దాదాపు 290 కిలోలు. 0.5 అయితే 225 కిలోలతో అదే టెన్షన్ వస్తుంది. కొందరు ధైర్యం చేసి ఎక్కించే 19 × 0.9 బ్లేడుకి 590 కిలోలు కావాలి. చిన్న మిషన్‌లో చక్రాన్ని జరిపే పలక, దాని పోత బ్రాకెట్టు అంత బలానికి చేసినవి కావు. టెన్షన్ మర బిగుస్తూనే ఉంటుంది గానీ బిగిసేది బ్లేడు కాదు, వంగేది బ్రాకెట్టు. చక్రం పక్కకి ఒరుగుతుంది, బ్లేడు జారిపోతుంది.

చాలినంత టెన్షన్ లేని మందపాటి బ్లేడు కన్నా సరిగ్గా బిగిసిన సన్నటి బ్లేడే నిటారుగా కోస్తుంది. మా మిషన్ మీద రెండూ కోసి చూసే ఈ మాట చెబుతున్నాను.

5. సన్న బ్లేడుతో కోత వంకరపోతుందన్న భయం

ఈ భయంలో నిజం లేకపోలేదు. బ్లేడు పక్కకి వంగకుండా నిలబడే గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. 0.5తో పోలిస్తే 0.65 బ్లేడు పక్కగా 2.2 రెట్లు గట్టిది. కానీ అదే గట్టిదనం గైడ్ల మధ్య దూరం ఘనంతో తగ్గుతుంది కూడా. మందం ఎంత శాతం తగ్గిందో గైడ్ల దూరాన్నీ అంతే శాతం తగ్గిస్తే పోయిన గట్టిదనం మొత్తం తిరిగొస్తుంది. 130 మి.మీ. దూరంలో 0.65 ఎలా నిలబడేదో, 100 మి.మీ. దూరంలో 0.5 అలాగే నిలబడుతుంది. బిగించి ఉన్న టెన్షన్ వల్ల వచ్చే నిలకడ దీనికి అదనం.

చాలా షెడ్లలో ముందు గైడుని పూర్తిగా వెనక్కి లాగి వదిలేస్తారు, అంగుళం పైపు కోసేటప్పుడు కూడా. ఆ గైడు మర వదులు చేసి, వైస్‌లో ఉన్న ఇనుముకి వేలెడు దూరంలోకి తీసుకురండి. రూపాయి ఖర్చు లేని పని ఇది. ఏ మందం బ్లేడుకైనా మేలు చేస్తుంది.

రెండోది గైడు బేరింగుల సందు. ఇదే అసలు ముఖ్యం. 0.65 బ్లేడుకి సరిపెట్టిన బేరింగుల మధ్య 0.5 బ్లేడు పెడితే 0.15 మి.మీ. ఖాళీ మిగులుతుంది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ బేరింగు బ్లేడుని పట్టేది ఎనిమిది మి.మీ. వెడల్పులోనే అనుకుంటే, ఆ ఖాళీలో బ్లేడు ఒరిగిన ఒరుగు 100 మి.మీ. లోతు కోతకి వచ్చేసరికి దాదాపు 1.9 మి.మీ. వంకర అవుతుంది. “సన్న బ్లేడు వంకర కోస్తాది” అనేవాళ్లలో చాలామంది బేరింగులు సవరించకుండా బ్లేడు మాత్రం మార్చినవాళ్లే. నేనూ మొదటిసారి అలాగే చేసి, 0.5 బ్లేడుని వారం పాటు పక్కన పడేశాను.

సవరించడం కష్టం కాదు. ఒక బేరింగు ఇరుసు కాస్త పక్కకి ఉండే బుష్షు మీద ఉంటుంది. నట్టు వదులు చేసి ఆ బుష్షుని తిప్పితే సందు మూసుకుంటుంది. రెండు బేరింగులూ బ్లేడుని తాకాలి, అయినా వేలితో తిప్పితే బేరింగు తిరగాలి. వేలికి తిరగకపోతే బిగువు ఎక్కువైనట్టు. వెన్ను వైపు బేరింగు కోత లేనప్పుడు బ్లేడుకి కాగితం మందం దూరంలో ఉండాలి. కోత పడ్డాక తాకాలి. సవరించాక లంబకోణపు మట్టం పెట్టి, బ్లేడు వైస్ అడుగుకి నిటారుగా ఉందో లేదో చూడండి.

6. పని బట్టి ఎంచాల్సింది పళ్లు

ఇక్కడ మాత్రం ఇనుముని చూడాలి. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఇనుము లోపల ఉండాలి. ఆరు నుంచి పన్నెండు ఉంటే బాగుంటుంది. అంగుళానికి 14 పళ్ల బ్లేడులో పన్నుకీ పన్నుకీ మధ్య 1.8 మి.మీ. ఉంటుంది, మూడు పళ్లంటే 5.4 మి.మీ. అందుకే ఆరు మి.మీ. యాంగులర్‌కి 14 సరిపోతుంది. గ్రిల్లుకి వాడే పలుచటి పైపు గోడకి 18 గాని 24 గాని కావాలి, అప్పుడు కూడా బ్లేడు మీద పడే బరువు తగ్గించి నెమ్మదిగా దించాలి. 50 మి.మీ. నిండు రాడ్డుకి అంగుళానికి 6 నుంచి 10 పళ్లు మారుతూ ఉండే బ్లేడు మంచిది. పళ్లు పెద్దవైతే గుంటలూ లోతుగా ఉంటాయి, వెన్ను మిగిలేది తక్కువ. అందుకే పెద్ద పళ్లకి 0.65, సన్న పళ్లకి 0.5 తీసుకుంటాను.

యాంగులర్‌ని వైస్‌లో కప్పు బోర్లించినట్టు, మూల పైకి వచ్చేలా పెట్టండి. రెండు రెక్కలూ ఒకే తీరున కోసుకుంటూ వస్తుంది, పళ్లు ఊడవు.

7. ఆర్డరు ఇచ్చేటప్పుడు

పొడవు కావాలంటే టెన్షన్ మర మధ్యలో ఉంచి రెండు చక్రాల కేంద్రాల మధ్య దూరం కొలవండి. దాన్ని రెండుతో గుణించి, చక్రం వ్యాసాన్ని 3.14తో గుణించి వచ్చింది కలపండి. మా మిషన్లో దూరం 528, చక్రం 185. 1056కి 581 కలిపితే 1637. మార్కెట్లో దొరికే 1638 పొడవుతో సరిపోయింది.

కార్బన్ బ్లేడు చవక. వేడెక్కితే పళ్ల గట్టిదనం పోతుంది. బైమెటల్ బ్లేడులో వెన్ను స్ప్రింగు ఉక్కు, పళ్ల అంచు హైస్పీడు ఉక్కు. పళ్లకి ఎక్కువగా వాడే ఎం42 రకంలో 8 శాతం కోబాల్టు ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ గాని పాత స్ప్రింగు పట్టీలు గాని కోసే పని ఉంటే బైమెటల్ తప్ప ఆలోచించకండి. చిన్న చక్రం మీద కార్బనే వాడాలంటే వెన్ను మెత్తగా ఉంచి పళ్లు మాత్రం గట్టిపరిచిన రకం అడగండి, వంపుకి అది తట్టుకుంటుంది.

అతుకుని వచ్చిన వెంటనే పరీక్షించండి. అతుకు మందం మిగతా బ్లేడు మందాన్ని దాటకూడదు. దాటితే చుట్టుకొకసారి గైడు దగ్గర టక్కుమంటుంది, ఆ దెబ్బకే తెగుతుంది. తర్వాత అతుకు మధ్యలో ఉండేలా బ్లేడుని నెమ్మదిగా విల్లులా వంచండి. వంపు అంతటా ఒకేలా రావాలి. అతుకు దగ్గర తిన్నగా నిలబడిపోతే అక్కడ పెళుసుగా ఉంది, సరిగా చల్లార్చలేదు. అక్కడే మడతలా వంగితే అరగదీత ఎక్కువై సన్నబడింది. రెండింట్లో ఏదైనా తిప్పి పంపించేయండి.

8. ఎక్కించడం, బిగించడం, అలవాటు చేయడం

చుట్ట విప్పేటప్పుడు కళ్లద్దాలు, చేతికి తోలు గ్లోవ్సు వేసుకోవాలి. బ్లేడు ఒక్కసారి ఎగిరి విచ్చుకుంటుంది. మిషన్ తిరిగేటప్పుడు మాత్రం గ్లోవ్సు తీసేయాలి. పళ్లు బ్లేడు నడిచే వైపుకి చూడాలి. తిరగబడి ఉంటే బ్లేడుని లోపలి వైపు బయటికి తిప్పండి.

టెన్షన్ గేజి లేకపోయినా వెర్నియర్‌తో పని జరుగుతుంది. సాగుడు లెక్క ఇది: 170ని 2,00,000తో భాగిస్తే 0.00085. అంటే 150 మి.మీ. బ్లేడు 0.13 మి.మీ. సాగాలి. బ్లేడు తిన్నగా ఉన్న వరస మీద, వదులు పోయేంత వరకు మాత్రమే బిగించి, వెర్నియర్ రెండు దవడలనీ చిన్న క్లాంపులతో 150 మి.మీ. దూరంలో పట్టించి సున్నా చేయండి. మర తిప్పుతూ 0.13 దగ్గర ఆగండి. మందం ఏదైనా ఈ అంకె మారదు. నాకు ఇందులో నచ్చింది అదే. 0.5కైనా 0.65కైనా ఒకే గుర్తు. సాయంత్రం పని అయ్యాక మర నాలుగు చుట్లు వదులు చేయండి.

కొత్త బ్లేడుని మొదటి 300 చదరపు సెం.మీ. కోత దాకా సగం బరువుతోనే దించండి. 50 మి.మీ. రాడ్డు ఒక కోతకి సుమారు 20 చదరపు సెం.మీ., అంటే పదిహేను కోతలు. కొత్త పళ్ల మొన మరీ సూదిగా ఉంటుంది, ఒక్కసారి బరువు వేస్తే విరుగుతుంది. రజను చూస్తూ ఉండండి. పిండిలా రాలితే బరువు చాలడం లేదు. నీలం రంగు తిరిగితే బరువో వేగమో ఎక్కువైంది. తెల్లగా చుట్టలు తిరుగుతూ గోరువెచ్చగా పడితే సరిగ్గా ఉంది. సాయంత్రం కరెంటు ఓల్టేజి పడిపోయి మోటారు గొంతు మారితే కోత ఆపేయండి. ఇరుక్కున్న బ్లేడు మీద బరువు ఉంటే అది మెలితిరుగుతుంది.

9. తెగిన ముక్కని పారేసే ముందు

పగులు ఎక్కడ మొదలైందో చూడండి. పళ్ల మధ్య గుంటల్లో వరసగా పగుళ్లుంటే చక్రానికి బ్లేడు మందం ఎక్కువ, లేదా బరువు మితిమీరింది. వెన్ను వైపు నుంచి పగిలితే వెనక బేరింగు అరిగింది, లేదా చక్రం గట్టు బ్లేడుని ఒరుసుకుంటోంది. అతుకు దగ్గర తిన్నగా తెగితే అది అతుకు లోపం, మందంతో సంబంధం లేదు. పళ్లు ఊడి, బ్లేడు బాగుంటే పళ్ల లెక్క తప్పింది. నేను ప్రతి ముక్కనీ చిన్నగా కత్తిరించి, తారీకూ మందమూ రాసి డబ్బాలో వేస్తాను. మా మేనల్లుడు ఇప్పుడు ముక్క చేతికివ్వగానే, “ఇది గుంటలో పగిలింది మావా, బరువెక్కువైందేటో” అని తనే చూసుకుంటున్నాడు.

వానాకాలంలో మా వైపు తేమకి బ్లేడు వారంలో తుప్పు పడుతుంది, తుప్పు గుంట కూడా పగుళ్లకి మొదలే. అందుకని విడి బ్లేడ్లని నూనె గుడ్డతో తుడిచి, మూడు చుట్లుగా మడిచి గోడకి రెండు మేకుల మీద వేలాడదీస్తాం. ఒకదాని మీద పైపుల కోసం 0.5, రెండోదాని మీద నిండు రాడ్ల కోసం 0.65. ఒకటి తీసి ఇంకోటి ఎక్కించిన ప్రతిసారీ గైడు బేరింగుల సందు సవరించి, వేలితో తిప్పి చూశాకే స్విచ్చి వేస్తాం.